రంగుటద్దాలు – కంటిచూపు

పాఠ్యభాగ ఉద్దేశం

ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాలలో రంగు కళ్ళద్దాల వాడకం నానాటికీ పెరుగుతున్నది. అయితే అద్దపు రంగు చూపుపై ఏ విధంగా పనిచేస్తుందో, ఆరోగ్యాన్ని ఏ మేరకు కాపాడుతుందో తెలిసి కొనేవారు అరుదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల జనజీవనాన్ని ఆధారంగా చేసుకొని ఆ విషయాలను శాస్త్రీయంగా వివరించడం, విద్యార్థులలో వివేచనాశక్తిని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అని పెద్దలు చెప్పారు. పంచేంద్రియాలలో నేత్రానికి ఉన్న ప్రాధాన్యాన్ని ఈ మాట చాటుతున్నది. మనం లోకాన్ని గురించి తెలుసుకొనే విషయాలలో అధికభాగం కంటి ద్వారానే గ్రహిస్తాం. అటువంటి కంటికి అడ్డుగా ఒక రంగుటద్దాన్ని నిలిపినప్పుడు మనకు కనిపించే లోకం మారుతుంది. ఆ మార్పు కొన్ని సందర్భాలలో మేలు చేస్తుంది. మరికొన్ని సందర్భాలలో ప్రాణాపాయానికి దారితీస్తుంది. ఏది ఎప్పుడు మేలో, ఎప్పుడు కీడో తెలుసుకోవడమే వివేకం.

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు పూర్వం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మొదటి రెండు పట్టణాలు జగిత్యాల జిల్లాలో చేరాయి. సిరిసిల్ల, రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమైంది. వరి, పసుపు, మామిడి పండించే రైతులు, బీడీలు చుట్టే స్త్రీలు, మరమగ్గాలపై వస్త్రం నేసే కార్మికులు, ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు తరలివెళ్ళే యువకులు ఈ ప్రాంతమంతటా కనిపిస్తారు. వీరందరి జీవనాధారం శ్రమ. ఆ శ్రమకు ఆధారం కంటిచూపు. కన్ను చెడితే కూలి పోతుంది. కూలి పోతే ఇల్లు గడవదు.

వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. ఆ రోజులలో బస్టాండ్ల వద్ద, కూడళ్ళలో, తోపుడు బండ్ల మీద రంగురంగుల చలువ కళ్ళద్దాలు వరుసలు తీరి ఉంటాయి. కొనేవారు అద్దం ముఖానికి నప్పిందా, ఎంత నల్లగా ఉంది అన్న రెండు విషయాలనే చూస్తారు. నలుపు ఎంత ఎక్కువైతే కంటికి అంత చలువ అన్నది అందరి నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో శాస్త్రదృష్టితో పరిశీలిద్దాం.

కాంతి – రంగు

సూర్యకాంతి అనేక తరంగాల సముదాయం. వాటిలో దాదాపు 400 నుండి 700 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం గల కిరణాలను మాత్రమే మన కన్ను స్పష్టంగా చూడగలదు. ఊదారంగుతో మొదలై ఎరుపుతో ముగిసే ఈ వరుసే దృశ్య వర్ణపటం. ఊదారంగుకు ఆవల, 400 నానోమీటర్ల కంటె తక్కువ తరంగదైర్ఘ్యం గలవి అతినీలలోహిత కిరణాలు. ఎరుపుకు ఆవల ఉన్నవి పరారుణ కిరణాలు. ఈ రెండు రకాల కిరణాలూ కంటికి కనిపించవు. కానీ కంటిని బాధిస్తాయి.

కంటి లోపల కాంతిని గ్రహించే పొర రెటీనా. దీనిలో శంకువులు, దండాలు అనే రెండు రకాల కణాలు ఉంటాయి. వెలుతురులో రంగులను గుర్తించేవి శంకువులు. మసక చీకటిలో చూపునిచ్చేవి దండాలు. పట్టపగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల వద్ద ఉండే పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ కాంతిని అన్నిటికంటె తేలికగా గ్రహిస్తుంది. చీకటి పడినకొద్దీ ఈ గ్రహణశక్తి నీలం వైపు, అంటే 507 నానోమీటర్ల వైపు జరుగుతుంది. పగలు హాయినిచ్చిన అద్దం రాత్రి పనికిరాకపోవడానికి ఇది ఒక కారణం.

రంగుటద్దం కాంతికి కొత్తగా రంగు పూయదు. తన గుండా వచ్చే కిరణాలలో కొన్నింటిని ఆపి, మిగిలినవాటిని పంపిస్తుంది. పసుపు అద్దం నీలి కిరణాలను ఆపుతుంది. ఎర్ర అద్దం ఆకుపచ్చను, నీలాన్ని ఆపుతుంది. కాబట్టి ఏ రంగుటద్దమైనా మనకు కొంత ఇస్తూ కొంత తీసుకొంటుంది.

కనిపించే రంగు – కనిపించని రక్షణ

అతినీలలోహిత కిరణాలను శాస్త్రజ్ఞులు మూడు రకాలుగా విభజించారు. 100 నుండి 280 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని వాతావరణం, ముఖ్యంగా ఓజోను పొర అడ్డుకొంటుంది. 280 నుండి 315 వరకు ఉన్నవి కొంత మేరకు, 315 నుండి 400 వరకు ఉన్నవి అధికంగా నేలను చేరుతాయి. ఏళ్ళ తరబడి ఈ కిరణాల తాకిడికి గురైన కంటిలో శుక్లం ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. తెల్లగుడ్డు నుండి నల్లగుడ్డు వైపు కండ పెరిగే టెరీజియం అనే వ్యాధి కూడా ఎండలో, దుమ్ములో పనిచేసేవారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన ఈ కిరణాలు ఆగుతాయని చెప్పలేం. నలుపు ఆపేది కనిపించే కాంతిని. అతినీలలోహిత కిరణాలను ఆపేది అద్దంలోని పదార్థం, లేదా దానికి పట్టించిన ప్రత్యేకమైన పూత. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అద్దం నీటివలె తెల్లగా ఉన్నా ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. దీనికి భిన్నంగా, తగిన గుణం లేని చౌకబారు ప్లాస్టిక్ అద్దం కాటుకవలె నల్లగా ఉన్నా వాటిని లోపలికి వదలవచ్చు.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప కుంచించుకొంటుంది. రెప్పలు కొంత మూసుకొంటాయి. ఇది ప్రకృతి ఏర్పరచిన రక్షణ. నల్లటి అద్దం వెనుక చీకటిగా ఉండడం వల్ల పాప విచ్చుకొంటుంది; రెప్పలు పూర్తిగా తెరుచుకొంటాయి. ఆ అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపనిదైతే, విచ్చుకొన్న పాప గుండా అవి ఇంకా ఎక్కువగా లోనికి చొరబడతాయి. హాయిగా ఉన్నదని భ్రమపడి మనిషి మరికొంతసేపు ఎండలో నిలబడతాడు. రక్షణ లేని నలుపు అసలు అద్దం లేకపోవడం కంటె హానికరం కాగలదని వైద్యులు హెచ్చరించడం ఇందువల్లనే.

వెల కూడా నాణ్యతకు కొలబద్ద కాదు. తక్కువ ధర అద్దాలలో మంచివి ఉండవచ్చు. గొప్ప పేరు ముద్రించుకొన్న వాటిలో నకిలీలు ఉండవచ్చు. 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాలను ఆపగల అద్దాలపై ‘యు.వి. 400’ అని రాస్తారు. ఆ రాత నిజమో కాదో కళ్ళద్దాల దుకాణంలోని చిన్న పరీక్షాయంత్రంతో క్షణాలలో చూపించమని అడగడం కొనేవారి హక్కు.

విలియం క్రూక్స్ కృషి

ఈ విషయంపై తొలినాళ్ళలో శాస్త్రీయంగా కృషి చేసినవారిలో సర్ విలియం క్రూక్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ముఖ్యుడు. గాజు కర్మాగారాలలో కరిగిన గాజును నిత్యం చూస్తూ పనిచేసే కార్మికులకు చిన్న వయస్సులోనే కళ్ళలో శుక్లాలు వచ్చేవి. దానికి నివారణోపాయం కనుగొనే బాధ్యతను క్రూక్స్ స్వీకరించాడు. గాజులో రకరకాల లోహ పదార్థాలు కలిపి, మూడు వందలకు పైగా నమూనాలను తయారుచేసి పరీక్షించాడు. 1913లో తన ఫలితాలను లండన్‌లోని రాయల్ సొసైటీకి సమర్పించాడు. సీరియం అనే మూలకాన్ని కలిపితే ముదురు రంగు లేకుండానే అతినీలలోహిత కిరణాలను ఆపే గాజును తయారుచేయవచ్చునని ఆయన నిరూపించాడు. రంగు వేరు, రక్షణ వేరు అన్న సత్యం నూరేళ్ళకు పూర్వమే ఒక శ్రామిక వర్గపు కష్టాన్ని తీర్చే ప్రయత్నంలో వెలుగుచూసింది.

ఏ రంగు ఏమి చేస్తుంది?

బూడిదరంగు: అన్ని రంగుల కాంతినీ దాదాపు సమంగా తగ్గిస్తుంది. అందువల్ల వస్తువుల సహజవర్ణాలు చెడవు. ఎండలో నడిచేవారికి, పగటిపూట వాహనం నడిపేవారికి ఇది అనువైనది.

గోధుమరంగు: నీలి కాంతిని ఎక్కువగా ఆపుతుంది. గాలిలో చెదిరే కాంతిలో నీలం పాలు అధికం కావడంతో, దానిని తగ్గించినప్పుడు దృశ్యాల అంచులు స్ఫుటంగా కనిపిస్తాయి. అయితే రంగులు కొంత మారుతాయి.

ఆకుపచ్చ: కన్ను తేలికగా గ్రహించే కాంతిని నిలుపుకొంటూ ఎరుపు, నీలాలను కొంత తగ్గిస్తుంది. రంగుల తేడాలు పెద్దగా చెడవు.

పసుపు: మబ్బు పట్టిన వేళ, పొగమంచులో దృశ్యాన్ని ప్రకాశవంతంగా ఉన్నట్లు తోపింపజేస్తుంది. తీవ్రమైన ఎండను మాత్రం తగ్గించదు.

నీలం: అలంకారానికే తప్ప చూపుకు పెద్దగా ఉపకరించదు. మిరుమిట్లను తగినంతగా తగ్గించదు. రంగులను తారుమారు చేస్తుంది.

గులాబి: వెలుతురును భరించలేని కొందరు పార్శ్వపునొప్పి రోగులకు ‘ఎఫ్.ఎల్. 41’ అనే ప్రత్యేకమైన గులాబి ఛాయ ఉపశమనాన్ని ఇస్తున్నది. 1991లో ఇంగ్లండులో పార్శ్వపునొప్పితో బాధపడే పిల్లలపై జరిగిన పరిశీలనలో ఈ అద్దాలు ధరించినవారికి నొప్పి వచ్చే సందర్భాలు తగ్గాయి. దీనిని వైద్యుని సలహాపై వాడాలి. బజారులో దొరికే గులాబి అద్దాలన్నింటికీ ఈ గుణం ఉండదు.

ఎరుపు: ఇతర వర్ణాలను అణచివేస్తుంది. దీనిని ధరించి రహదారి మీదికి పోవడం ప్రమాదకరం.

రంగుతోపాటు ముదురుదనాన్ని కూడా చూడాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చలువ కళ్ళద్దాలకు 0 నుండి 4 వరకు ఐదు తరగతులు ఉన్నాయి. 2వ తరగతి అద్దం 18 నుండి 43 శాతం, 3వ తరగతి 8 నుండి 18 శాతం కాంతిని పంపిస్తాయి. మన ఎండలకు ఇవి సరిపోతాయి. 3 నుండి 8 శాతం మాత్రమే పంపించే 4వ తరగతి అద్దాలు మంచుకొండలెక్కేవారి వంటివారికి ఉద్దేశించినవి. వాటిని ధరించి వాహనం నడపరాదు.

జగిత్యాల నుండి కోరుట్లకు

నిజామాబాదు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా సాగే 63వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి ప్రాణనాడి. జగిత్యాలకు కోరుట్ల దాదాపు నేరుగా పడమర దిక్కున ఉంటుంది. సాయంకాలం జగిత్యాల నుండి కోరుట్లకు మోటారు సైకిలుపై వెళ్ళేవారికి అస్తమించే సూర్యుడు ఎదురుగా నిలుస్తాడు. ఎదురు వాహనాల అద్దాల మీది తళుకు, తడిసిన రోడ్డు మీది మెరుపు కళ్ళకు మిరుమిట్లు గొలుపుతాయి. నీరు, రోడ్డు వంటి సమతలాల నుండి పరావర్తనం చెందిన కాంతి ప్రధానంగా అడ్డదిశలో కంపిస్తుంది. అటువంటి కాంతిని మాత్రమే ఎంచి ఆపగలిగినవి ధ్రువణ అద్దాలు. వాడుకలో వీటిని ‘పోలరాయిడ్’ అద్దాలంటారు. ఈ సమయంలో అవి ఎంతో ఉపయోగకరం. నీరు నిలిచిన పొలంలో నాట్లు వేసేవారికి కూడా అవి తెరిపినిస్తాయి.

సూర్యాస్తమయం కాగానే ఆ అద్దాలను తీసివేయాలి. నల్లటి అద్దం గుండా చూసినప్పుడు రోడ్డు దాటే పాదచారి, దీపాలు లేని ఎడ్లబండి, రోడ్డుపక్క ఆరబోసిన ధాన్యపు కుప్ప చివరి క్షణం దాకా కనిపించకపోవచ్చు. కొందరు రాత్రివేళ పసుపు అద్దాలు ధరిస్తే ఎదురు వాహనాల దీపాల తాకిడి తగ్గుతుందని నమ్ముతారు. 2019లో అమెరికా పరిశోధకులు వాహనచోదనను అనుకరించే యంత్రంపై దీనిని పరీక్షించారు. పసుపు అద్దాల వల్ల పాదచారులను గుర్తించే శక్తి మెరుగుపడలేదని తేల్చారు. రాత్రి ప్రయాణానికి కావలసినవి రంగులేని, శుభ్రమైన అద్దాలు మాత్రమే.

ఎండలో నల్లబడి, నీడలో తెల్లబడే అద్దాలు మరొక రకం. అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడే అవి నల్లబడతాయి. కారు ముందరి అద్దం ఆ కిరణాలలో చాలావాటిని ఆపివేయడం వల్ల కారు లోపల అవి సరిగా నల్లబడవు. వేడిమి పెరిగినకొద్దీ వాటి నల్లబడే గుణం తగ్గుతుంది. శీతల దేశాలలో పనిచేసినంత చక్కగా మన వేసవిలో అవి పనిచేయకపోవచ్చు.

సిరిసిల్ల సాంచాల నడుమ

స్థానికులు ‘సాంచాలు’ అని పిలిచే మరమగ్గాలకు సిరిసిల్ల ప్రసిద్ధి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీని ప్రారంభించినప్పుడు వాటిలో చాలావాటిని ఇక్కడి నేత కార్మికులు నేశారు. పడుగులో తెగిన పోగును పసిగట్టడం, అద్దకంలో ఛాయ కుదిరిందా లేదా అని నిర్ణయించడం చూపుతో ముడివడిన పనులు. నీలిరంగు నూలు గోధుమరంగు అద్దం గుండా నల్లబడి కనిపిస్తుంది. ఆకుపచ్చ అద్దం వెనుక ఎరుపు కాంతిహీనమవుతుంది. రంగుటద్దంతో ఛాయను పోల్చి చూసినవాడు ఒక తానునే పాడుచేయవచ్చు. రంగులను సరిచూసేటప్పుడు ఏ రంగుటద్దమూ లేకుండా, వీలైతే పగటి వెలుతురులో చూడాలి. దీపం వెలుగులో ఒక్కటిగా తోచిన రెండు ఛాయలు పగటి వెలుతురులో వేరుగా కనిపించడం నేతగాండ్రకు అనుభవమే.

కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియదు. దీనిని వర్ణాంధత్వం అంటారు. ఇది స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువ. దీనికోసం విక్రయించే ప్రత్యేకమైన రంగుటద్దాలు కొన్ని రంగుల నడుమ భేదాన్ని పెంచి చూపవచ్చు. అవి లోపాన్ని నయం చేయలేవు. సహజమైన వర్ణదృష్టిని తిరిగి ఇవ్వలేవు.

యంత్ర భాగాలను అతికించే వెల్డింగు దుకాణాలలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. వెల్డింగు మంట నుండి తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు వెలువడతాయి. క్షణకాలం చూసినా కొన్ని గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం, వెలుతురును చూడలేకపోవడం మొదలవుతాయి. బజారులో కొన్న చలువ కళ్ళద్దాలు ఇక్కడ ఏ మాత్రం రక్షణ ఇవ్వలేవు. వెల్డింగు కోసం తయారైన ముసుగును, అందులో తగిన సంఖ్య గల ముదురు అద్దాన్ని తప్పనిసరిగా వాడాలి. పక్కన నిలబడి చూసే పిల్లలను దూరంగా పంపాలి.

రంగు అక్కరలేని చోటు

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పరిసరాలలో వేలాది స్త్రీలు ఇంటి పట్టున బీడీలు చుడతారు. ఆకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం దగ్గరి చూపుతో చేయవలసిన పని. నలభై ఏళ్ళు దాటేసరికి చత్వారం వచ్చి దగ్గరి వస్తువులు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. తలనొప్పి వస్తుంది. చలువ అద్దాలు పెడితే తగ్గుతుందని ఎవరో చెబితే నమ్మడం పొరపాటు. అసలే మసకగా ఉన్న గదిలో రంగుటద్దం మరింత మసకను తెస్తుంది. అక్కడ కావలసినవి సరియైన పవరు గల తెల్లటి అద్దాలు, చేతి మీద పడే మంచి వెలుతురు. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినందువల్ల అస్సాం తేయాకు తోటల కార్మికుల దినసరి సేకరణ గణనీయంగా పెరిగిందని 2018లో ప్రకటితమైన ఒక అధ్యయనం తెలిపింది. అదే సంవత్సరం ఆగస్టు 15న తెలంగాణలో ప్రారంభమైన ‘కంటి వెలుగు’ కార్యక్రమంలో ఊరూరా నేత్రపరీక్షలు జరిపి ఉచితంగా అద్దాలు అందించారు. 2023 జనవరిలో రెండవ విడత మొదలైంది.

ఎడారి ఎండలో

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుండి వేలాదిమంది దుబాయి, సౌదీ, ఖతర్ వంటి చోట్లకు వెళ్ళి నిర్మాణపు పనులలో ఆరుబయట శ్రమిస్తున్నారు. అక్కడ ఎండ పైనుండి మాత్రమే కాదు, నేల నుండి కూడా వస్తుంది. పొడి ఇసుక తనపై పడిన అతినీలలోహిత కిరణాలలో సుమారు 15 శాతాన్ని తిప్పికొడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. గాలిలో రేగే ఇసుక రేణువులు కంటిని గాయపరుస్తాయి. పక్కలను కూడా కప్పి, యు.వి. రక్షణ కలిగి, దెబ్బకు పగలని పాలీకార్బొనేట్ అద్దాలే అటువంటి పనికి తగినవి. వాటితోపాటు అంచులున్న టోపీ గాని, తలపాగా గాని ఉండాలి. గల్ఫ్‌కు బయలుదేరే అన్నకో, తమ్మునికో సంచి సర్దే ఇంటివారు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. ఏళ్ళ తరువాత తిరిగి వచ్చేనాటికి అతని కన్ను ఎట్లా ఉంటుందన్నది కొంతవరకు ఇటువంటి చిన్న జాగ్రత్తలపై ఆధారపడి ఉంటుంది.

కొన్ని అపోహలు

కండ్లకలక వచ్చినవారిని చూస్తేనే అది అంటుకొంటుందని, నల్లకళ్ళద్దాలు పెడితే అంటదని చాలామంది భావిస్తారు. 2023 వానాకాలంలో దేశమంతటా కండ్లకలక ప్రబలినప్పుడు ఈ మాట మళ్ళీ వినిపించింది. వ్యాధి చూపు ద్వారా వ్యాపించదు. చేతుల ద్వారా, తువ్వాళ్ళ ద్వారా వ్యాపిస్తుంది. నల్లద్దాలు రోగికి వెలుతురు బాధను తగ్గిస్తాయి. చేతిని కంటికి దూరంగా ఉంచుతాయి. వ్యాప్తిని అరికట్టేది చేతుల శుభ్రతే.

సూర్యగ్రహణాన్ని నల్లద్దాలతో చూడవచ్చునన్నది మరొక అపోహ. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా సాగినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని అధ్యయనం చేశారు. సూర్యుని నేరుగా చూడడానికి వాడే ప్రత్యేక వడపోత సుమారు 0.003 శాతం కాంతినే పంపిస్తుంది. ముదురు చలువ అద్దం కూడా అంతకు కొన్ని వేల రెట్లు ఎక్కువ కాంతిని పంపుతుంది. రెటీనా కాలినా నొప్పి తెలియదు. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

కంప్యూటరు, సెల్‌ఫోన్ తెరల నుండి వచ్చే నీలి కాంతిని ఆపే అద్దాలకు నేడు గిరాకీ ఎక్కువ. 2023లో కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను సమీక్షించింది. తెర చూడడం వల్ల కలిగే కంటి అలసటను ఈ అద్దాలు తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం లేదని వెల్లడించింది. ఆ అలసటకు తెరలోని రంగు కంటె, రెప్ప వేయకుండా చాలాసేపు దగ్గరి వస్తువును చూడడమే ప్రధాన కారణం. నడుమనడుమ దూరాన ఉన్న చెట్టును చూడడం ఖర్చులేని ఔషధం.

ఇంటిలోపల కూడా నల్లద్దాలు తీయకుండా ఉండడం మంచిది కాదు. నిత్యం చీకటికి అలవాటుపడిన కన్ను మామూలు వెలుతురును సైతం భరించలేని స్థితికి చేరుకొంటుంది. వెలుతురును చూడలేకపోవడం, కన్ను ఎర్రబడడం, చూపు మందగించడం వ్యాధిలక్షణాలు కావచ్చు. వాటిని రంగుటద్దం చాటున దాచుకోక వైద్యునికి చూపించాలి.

ఉపసంహారం

రంగుటద్దాన్ని కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది అతినీలలోహిత కిరణాలను ఆపుతుందా? నేను చేసే పనికి ఈ రంగు తగినదేనా? దీనిని ఎప్పుడు తీసివేయాలో నాకు తెలుసా? మొదటి ప్రశ్నకు జవాబు అద్దం రంగులో లభించదు, పరీక్షలో లభిస్తుంది. రెండవ ప్రశ్నకు జవాబు రైతుకు ఒకటి, నేతగానికి ఒకటి, వాహనచోదకునికి ఒకటి. మూడవ ప్రశ్నను విస్మరించడం వల్ల ప్రాణాలకే ముప్పు వాటిల్లవచ్చు. రంగు కంటికి కనిపిస్తుంది, రక్షణ కనిపించదు. కనిపించని దానిని అడిగి తెలుసుకోవడం చదువుకొన్నవారి కర్తవ్యం. ఇంటిలోని పెద్దలకు, పొలంలోని తోటివారికి దానిని తెలియజెప్పినప్పుడే ఆ చదువు సార్థకమవుతుంది.

కఠినపదాలు – అర్థాలు

వివేచన = మంచిచెడుల విచారణ
వర్ణపటం = రంగుల వరుస
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
స్ఫుటంగా = స్పష్టంగా
పరావర్తనం = తిరిగి మరలడం
పార్శ్వపునొప్పి = తలలో ఒక పక్క వచ్చే నొప్పి
చత్వారం = నడివయస్సులో వచ్చే దగ్గరి చూపు మాంద్యం
వేధశాల = గ్రహనక్షత్రాలను పరిశీలించే స్థలం

వ్యాకరణాంశాలు

రంగుటద్దం = రంగు + అద్దం – టుగాగమ సంధి
పంచేంద్రియాలు = పంచ + ఇంద్రియాలు – గుణసంధి
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
వర్ణాంధత్వం = వర్ణ + అంధత్వం – సవర్ణదీర్ఘ సంధి
సూర్యకాంతి = సూర్యుని యొక్క కాంతి – షష్ఠీ తత్పురుష సమాసం
నల్లకళ్ళద్దాలు = నల్లనైన కళ్ళద్దాలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘అద్దపు రంగు వేరు, అది ఇచ్చే రక్షణ వేరు’ – పాఠం ఆధారంగా సోదాహరణంగా వివరించండి.
2. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల శ్రామికులకు ఎటువంటి అద్దాలు తగినవో తెలపండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రక్షణ లేని నల్లద్దం ఎందుకు హానికరమో రాయండి.
2. విలియం క్రూక్స్ కృషిని తెలపండి.
3. కండ్లకలకను గురించిన అపోహను ఖండించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పగటి వెలుతురులో కన్ను ఏ తరంగదైర్ఘ్యం గల కాంతిని తేలికగా గ్రహిస్తుంది?
2. వాహనం నడిపేటప్పుడు ఏ తరగతి అద్దాలు ధరించరాదు?
3. ‘సాంచాలు’ అంటే ఏమిటి?
4. రంగుల సహజత్వాన్ని దాదాపు చెడగొట్టని అద్దం రంగు ఏది?

IV. ఆలోచించండి – చేయండి
మీ ఇంటిలో గాని, వీధిలో గాని చలువ కళ్ళద్దాలు వాడే ఐదుగురిని కలిసి, వాటిని ఏమి చూసి కొన్నారో, ఎప్పుడు ధరిస్తారో అడిగి తెలుసుకోండి. వారిలో ఎందరు యు.వి. రక్షణను పరీక్షించి కొన్నారో గుర్తించి, తరగతిలో నివేదిక సమర్పించండి.